ముప్ఫై గ్రాముల రోగి

బడ్జీకి జబ్బు చేసిందని ఇంట్లోవాళ్లు గుర్తించేసరికే అది చాలా రోజులుగా బాధపడుతూ ఉంటుంది. ఆస్ట్రేలియా ఎండు మైదానాల్లో గుంపులుగా తిరిగే పక్షి ఇది. గుంపులో నీరసంగా కనిపించినదాన్నే డేగ తన్నుకుపోతుంది. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా బాగున్నట్టు కనిపించడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. మనం దగ్గరికెళితే నిటారుగా కూర్చుంటుంది, గింజలు కెలుకుతుంది. పక్కకు తప్పుకోగానే ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుంటుంది. ఓపిక పూర్తిగా అయిపోయి పంజరం అడుగుకు దిగినప్పుడు ‘నిన్నటిదాకా బాగానే ఉందండీ’ అంటాం. లేదు, నిన్న కూడా బాగాలేదు.

పిట్టల దుకాణాల్లో లవ్‌బర్డ్స్‌ పేరుతో మనకు అమ్మేవాటిలో ఎక్కువ బడ్జీలే. 1840లో జాన్‌ గౌల్డ్‌ అనే ఇంగ్లిష్‌ పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఇవి ప్రపంచంలో చేరని ఇల్లంటూ లేకుండా పోయింది. మన రామచిలుకను పంజరంలో పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జీ విదేశీ పక్షి కాబట్టి దీనికి ఆ నిషేధం లేదు. హైదరాబాద్‌ పాతబస్తీ ముర్గీ చౌక్‌ నుంచి చిన్న ఊళ్లలోని అక్వేరియం దుకాణం దాకా ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. దొరకనిదల్లా దానికి వైద్యం.

పశువుల ఆస్పత్రిలో గేదెలు, మేకల మధ్య అరచేతిలో పట్టే రోగిని చూసి నవ్వేవాళ్లు ఉంటారు. జత కొన్న డబ్బు కంటే డాక్టరు ఫీజే ఎక్కువ కావచ్చు. ‘పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు కదా’ అనే మాట ఇంట్లోనే వినిపిస్తుంది. ఈ లెక్క నాకెప్పుడూ మింగుడు పడలేదు. పంజరంలో పెట్టిన రోజే దాని మందుల ఖర్చు కూడా మన ఖాతాలో పడింది.

తింటూనే చిక్కిపోతుంది

బడ్జీ కళ్లు కప్పే మాయల్లో మొదటిది గింజల గిన్నె. కొర్రలు, సామలు పొట్టు ఒలిచి లోపలి పప్పే తింటుంది. పొట్టు గిన్నెలోనే పడుతుంది. గిన్నె నిండుగా ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, అందులో మిగిలింది ఉత్త పొట్టు. జబ్బు చేసిన పక్షి ఇంకో అడుగు ముందుకేస్తుంది. గింజ ఒలుస్తుంది, మింగదు. లేదంటే రోజంతా తింటూనే ఉంటుంది, అయినా రొమ్ము ఎముక కత్తి అంచులా పైకి తేలుతుంది.

మా ఇంటి బడ్జీ చిట్టికి వచ్చింది ఈ చివరి రకం. రెట్టలో అరగని గింజలు పడేవి. డాక్టరు రెట్టను చుక్క నీటిలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టి, సన్నగా పొడుగ్గా ఉన్న కడ్డీలను చూపించారు. చాలాకాలం ఈ క్రిమిని భారీ సైజు బ్యాక్టీరియా అనుకుని మెగాబ్యాక్టీరియా అన్నారు. పక్షుల్ని పెంచేవాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. తీరా చూస్తే అది ఈస్ట్‌ రకం శిలీంధ్రం. 2003లో దానికి మాక్రోరాబ్డస్‌ ఆర్నిథోగాస్టర్‌ అని పేరు పెట్టారు. పక్షి కడుపుకీ కందనకాయకీ మధ్య ఇరుకు భాగంలో అది మకాం వేస్తుంది. దాంతో అరుగుదల దెబ్బతిని, గింజ సరిగ్గా నలగకుండానే బయటికొస్తుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

శిలీంధ్రం కాబట్టి బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్స్‌ దీన్నేమీ చేయలేవు. దీనికి వాడేది యాంఫోటెరిసిన్‌-బి. నోటి ద్వారా, రోజుకు రెండు పూటలు, వారాల తరబడి ఇవ్వాలి. దుకాణంలో ఏ జబ్బు చెప్పినా కోళ్ల మందు పొడి పొట్లం కట్టి ‘నీళ్లలో కలపండి, తగ్గిపోద్ది’ అంటారు చూడండి, అలాంటి మందుతో ఇక్కడ కాలం వృథా కావడం తప్ప జరిగేదేమీ లేదు. పైగా ఎడారి నేలలకు అలవాటు పడ్డ బడ్జీ తాగే నీళ్లే తక్కువ. రుచి మారితే అసలే ముట్టదు. గిన్నెలో కలిపిన మందు లోపలికి ఎంత వెళ్లిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

కొలిచి, నిలిపి, చుక్క చుక్కగా

అరవై కిలోల మనిషి బరువులో 35 గ్రాముల బడ్జీ సుమారు 1,700వ వంతు. ఒంట్లో రక్తమంతా కలిపినా మూడున్నర మిల్లీలీటర్లు, చిన్న చెంచా కూడా నిండదు. అందుకే మందును సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజిలో, గీతలు లెక్కపెట్టుకుని తీసుకోవాలి. డ్రాపరుతో ఉజ్జాయింపుగా వేయడం కుదరదు. మనింట్లో మిగిలిపోయిన మాత్రను పొడి చేసి చిటికెడు వేద్దామనే ఆలోచన అసలే వద్దు. పశువులకు నొప్పి తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్‌ కళేబరాల ద్వారా రాబందులకు చేరి, మన దేశంలో వాటిని దాదాపు తుడిచిపెట్టేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. పక్షి ఒళ్లు మన ఒళ్లు కాదు.

పట్టుకోవడమే అసలు విద్య. పక్షికి మనలా ఊపిరితిత్తుల కింద పొర ఉండదు. రొమ్ము ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరి. ఎగిరిపోతుందని గట్టిగా బిగిస్తే మన పిడికిట్లోనే ప్రాణం పోతుంది. కాబట్టి ముందు ఫ్యాను ఆపాలి, తలుపులు కిటికీలు వేయాలి, ఆ తర్వాతే పంజరంలో చెయ్యి పెట్టాలి. పల్చటి చేతిరుమాలుతో పట్టి, వీపు అరచేతికి ఆనేలా, మెడకు చెరో పక్క చూపుడువేలు, మధ్యవేలు ఉండేలా చూసుకోవాలి. రొమ్ము మీద మాత్రం ఏ వేలూ నొక్కకూడదు. పిట్టను వెల్లకిలా పడుకోబెట్టకుండా నిటారుగా ఉంచి, ముక్కు పక్క నుంచి చుక్క వదిలి, మింగాక మరో చుక్క. ఒక్కసారిగా నొక్కితే మందు గాలిగొట్టంలోకి పోతుంది. అది మందు లేకపోవడం కన్నా ప్రమాదం.

చిట్టి పూటపూటా కరిచేది. కరవనివ్వండి, కరవని రోజు నాకు ఫోన్‌ చేయండి అన్నారు డాక్టరు.

కళ్లు చెప్పేది నమ్మొద్దు

కొన్నాళ్లు మందు పడగానే పిట్ట మళ్లీ కూస్తుంది, అద్దం ముందు తల ఊపుతుంది. చాలా ఇళ్లలో మందు ఆగిపోయేది ఇక్కడే. ‘తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకు దాన్ని హింసించడం’ అని పెద్దవాళ్లు జాలిపడతారు. జబ్బును దాచుకున్న పక్షే ఇప్పుడు సగం తగ్గిన జబ్బును పూర్తిగా తగ్గినట్టు చూపిస్తోందని వాళ్లకు నచ్చజెప్పడం మందు వేయడం కంటే కష్టం. పైగా మెగాబ్యాక్టీరియా ప్రతి రెట్టలోనూ పడదు. ఒక పరీక్షలో కనిపించనంత మాత్రాన పోయిందనడానికి లేదు. పైకి ఏ లక్షణమూ లేకుండా దాన్ని మోసే పిట్టలూ ఉంటాయి. అందుకే పంజరంలో ఉన్న రెండోదాన్ని కూడా చూపించాలి.

నమ్మాల్సింది తక్కెడను. గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్‌ తక్కెడ చాలు. రోజూ పొద్దున్నే, గింజలు పెట్టకముందే తూచి రాసుకోవాలి. 36 గ్రాములది 32కి దిగితే మనకు నాలుగు గ్రాములే అనిపిస్తుంది. అరవై కిలోల మనిషి ఏడు కిలోల దాకా తగ్గినట్టు లెక్క. తూకం పెరుగుతుంటే మందు పనిచేస్తోంది, పడిపోతుంటే పిట్ట ఎంత హుషారుగా ఉన్నా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

రెండో సాక్షి రెట్ట. పంజరం అడుగున న్యూస్‌ పేపర్‌ తీసేసి తెల్ల కాగితం పరవండి. ముదురాకుపచ్చ ముద్ద, తెల్లని సున్నం, కాస్త నీరు కనిపించాలి. ఆ తెల్లభాగం పసుపుకో ఆకుపచ్చకో తిరిగితే కాలేయం దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు అనుమానించాల్సిన వాటిలో సిట్టకోసిస్‌ అనే జబ్బు ఒకటి.

సిట్టకోసిస్‌ విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది మనుషులకూ సోకుతుంది. 1929-30లో దక్షిణ అమెరికా చిలుకల వ్యాపారం వెంట అది అనేక దేశాలకు పాకి మనుషుల ప్రాణాలు తీసింది. చికిత్స డాక్సీసైక్లిన్‌, సాధారణంగా 45 రోజులు. దీని క్రిమి పక్షి కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి అంతకాలం. ఆ రోజుల్లో పంజరంలోంచి కటిల్‌బోన్‌నూ కాల్షియం దిమ్మలనూ తీసేయమంటారు డాక్టర్లు. కాల్షియం ఆ మందును పట్టేసుకుని రక్తంలో కలవనివ్వదు. ఎండిన రెట్ట పొడై గాల్లో కలుస్తుంది కనుక తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు పట్టుకుంటే ‘మా ఇంట్లో పిట్టలున్నాయి’ అని డాక్టరుకు చెప్పడం మరిచిపోకండి. చెప్పకపోతే ఆయనకు ఆ ఊహ రాదు.

మందుతో సమానమైనది వెచ్చదనం. బడ్జీ ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర ఉంటుంది. నీరసించిన పిట్ట తిన్నదంతా ఆ వేడి నిలుపుకోవడానికే ఖర్చు చేస్తుంది. పంజరం చుట్టూ 30 డిగ్రీలు ఉండేలా చూస్తే ఆ శక్తి కోలుకోవడానికి మిగులుతుంది. చలికాలంలో పంజరం బయట ఒక పక్కన బల్బు పెట్టి, రెండో పక్క చల్లగా వదలాలి, వేడెక్కితే జరగడానికి. మన మే నెలలో బల్బు మాటే వద్దు. రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే నీడకు మార్చాలి. దోమల కాయిల్‌, అగరొత్తులు ఆ గదిలోకి రానీయకండి. ఖాళీ నాన్‌స్టిక్‌ పెనం మాడితే వచ్చే వాయువు నిమిషాల్లో పక్షిని చంపేస్తుంది, పక్క గదిలో ఉన్నా సరే.

కోర్సు అయ్యాక రెట్ట మళ్లీ పరీక్ష చేయించాలి. కొత్త పిట్టను తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. రెట్ట పరీక్ష మాత్రం డాక్టరు ఉంటేనే సాగే పని. రాజేంద్రనగర్‌, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి. నగరాల్లో పక్షుల్ని చూసే ప్రైవేటు డాక్టర్లు కొద్దిమంది ఉన్నారు. గింజ ముట్టని బడ్జీ ఒకటి రెండు రోజులకు మించి బతకదు, అప్పుడు వెతుక్కునే సమయం ఉండదు. మీ ఇంట్లో పిట్ట హాయిగా కూస్తున్న ఈరోజే మీకు దగ్గర్లో పక్షుల డాక్టరు ఎవరో కనుక్కుని, నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.