గోస్తనీ తీరపు సైకిలు బాటలు - మన కళ్లములు

ఆదివారమునాడు తెల్లవారకమునుపే విశాఖపట్టణమునుండి బయలుదేరి, తలకు గట్టి టోపీలు ధరించి, సన్నని చక్రములుగల సైకిళ్లపై మన గ్రామములమీదుగా పోవువారిని సభ్యులలో పెక్కురు చూచియేయుందురు. వీరు పాలు పోయుటకుగాని సంతకుగాని పోవువారు కారు. ఇంట మోటారుబండి యుండియు శ్రమను కోరి వచ్చువారు. వీరిని చూచి నవ్వినవారు గలరు. అరుగుపై కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చినవారును గలరు. వీరు ఏ త్రోవను వచ్చుచున్నారు, ఆ త్రోవనే యేల కోరుచున్నారు, అందువలన మనకును వారికిని కలుగుచున్న చిక్కేమి అను విషయమును ఈ నెల ముచ్చటింపదలచితిమి. ఏలయన, వారు విరివిగా వచ్చు కార్తిక మార్గశిర పుష్యమాసములే మనము వరి కోసి, నూర్చి, ధాన్యమును ఆరబోయు మాసములు.

ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క ఒక్కదినపు ప్రయాణములో వేయి మీటర్ల యెత్తుగల కొండలు ఉన్న నగరములు మన దేశమున అరుదు. ఈ రెంటిని గోస్తనీనది కలుపుచున్నది. అది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహలలో దూరి, తాటిపూడి జలాశయమున నిలిచి, జామి ప్రక్కగా వచ్చి, భీమునిపట్టణమువద్ద సాగరమున కలియును. సైకిలువారు నదికి ఎదురుగా, సంగమమునుండి పుట్టినచోటికి పోవుదురు. ఒక్కనాడే యంతయు తిరుగగలవారు కొలదిమంది. తక్కినవారు దీనిని మూడు నాలుగు వారములకు పంచుకొందురు.

మొదటి భాగము సముద్రతీరపు బాట. విశాఖనుండి భీమునిపట్టణమునకు 30 కిలోమీటర్లకు మించదు. ఋషికొండయు, బౌద్ధభిక్షువుల విహారములు శిథిలములై నిలిచిన తొట్లకొండ, బావికొండలును, ఆపైన ఎఱ్ఱమట్టిదిబ్బలును ఈ త్రోవనే తగులును. భారత భూగర్భ సర్వేక్షణశాఖ 2014లో ఈ దిబ్బలను భూవారసత్వ స్థలముగా గుర్తించినది. వానిపై సైకిలు తొక్కుట ఎంతమాత్రమును తగదు; వానకే కోసుకొనిపోవు నేల చక్రముల క్రింద నిలుచునా? 1861లో పురపాలకసంఘ మేర్పడిన భీమునిపట్టణమున డచ్చివారి సమాధులు నేటికిని గలవు. ఈ భాగమున మిట్టపల్లములు కొద్ది, మోటార్లు మెండు. క్రొత్తగా నేర్చినవారు ఇచ్చటనే తిరుగుదురు గనుక దీనిని గూర్చి యింతకంటె చెప్పవలసినది లేదు.

అసలైన పల్లెబాట తగరపువలస దాటినపిమ్మట మొదలగును. పద్మనాభమువద్ద 1794 జూలై 10వ తేదీన విజయనగర ప్రభువైన విజయరామరాజు కుంపిణీసేనతో పోరాడి మడిసెను. అచ్చటి కొండపై అనంతపద్మనాభస్వామి యాలయము గలదు; వేయికి మించిన మెట్లెక్కవలెను గాన సైకిలువారిలో పలువురు క్రిందినుండియే నమస్కరించి సాగిపోవుదురు. అక్కడినుండి జామివైపు, శృంగవరపుకోటవైపు పోవు బాటలలో ఒకచోట వరి, ఒకచోట చెఱకు, మెరకలపై జీడితోటలు, మామిడితోటలు, చెరువులలో నానవేసిన గోగునారకట్టల వాసన! ఆ వాసనకు పట్టణవాసులు ముక్కు మూసికొన్నను, వారికి ఈ త్రోవ ప్రీతియైనదే. కారణము సులభము. మైలు మైలునకు పైరు మారును, నేల మారును, గాలి మారును. మనకు నిత్యమైనది వారికి వింత. తాటిపూడి జలాశయపు గట్టుదగ్గర వారు తప్పక నిలుతురు. 1960 దశకమున కట్టిన ఈ జలాశయము మన పొలములకును విశాఖ నగరపు కుళాయిలకును నీరిచ్చుచున్నది. కనుక ఇంట త్రాగు నీటికి మూలమును చూడ వచ్చినవారిని మనము బొత్తిగా పరాయివారని తలపరాదు.

శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరగానే ఘాటురోడ్డు. కాశీపట్నము, త్యాడ, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, తుదకు అరకు. శృంగవరపుకోటనుండి అరకు సుమారు 60 కిలోమీటర్లు. అరకులోయ సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తుననున్నది. గాలికొండయొద్ద బాట అంతకంటె ఎక్కువ ఎత్తునకు పోయి మరల దిగును. బరువుబండిని మిట్టకెక్కించునపుడు ఎడ్లను నిటారుగా తోలక ఏటవాలుగా తోలుదుము గదా. కొండబాటకు మలుపులు పెట్టుటలోని కిటుకును అదియే. సైకిలునందు గొలుసును వెనుకనున్న పెద్ద పండ్లచక్రముమీదికి మార్చుట మరియొక కిటుకు. అప్పుడు పెడలు ఒకచుట్టు తిరిగిన చక్రము ఇంచుమించు ఒకచుట్టే తిరుగును. వేగము తగ్గును, కాలికి బరువును తగ్గును. మన యింట నుండు 20 కిలోల సైకిలుకు ఈ యేర్పాటు లేదు. దానితో ఘాటు ఎక్కిన గిరిజన యువకులముందు నగరపువారి గొప్ప ఎంతమాత్రమో మేము చెప్పనక్కరలేదు.

పైన సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగలు, వానలు వెనుకబడినపిమ్మట కొండవాలులపై పసుపుపచ్చగా పూచిన వలిసెచేలు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ ఇచ్చటి కాఫీని, అటవీ ఫలసాయమును కొనుచున్నది. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సహకారోద్యమమునందు విశ్వాసము సడలినవారు ఒకమారు ఈ కొండ యెక్కి రావలెనని మా కోరిక. బస్సులోనైనను సరియే.

ఎక్కుట కష్టము, దిగుట అపాయము. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టినపిమ్మట బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగును. కొండ దిగిన సైకిలు ఆ వేగమునే మన పల్లెలలోనికి తెచ్చును. దాని టైరు బొటనవ్రేలి వెడల్పు మించదు. గాలి మిక్కిలి గట్టిగా నింపబడియుండును. మలుపు తిరుగగానే బాటపై పరచిన ధాన్యము ఎదురైనచో గింజలు చక్రము క్రింద గోలీలవలె దొరలును. బ్రేకు పట్టినచో జారును, పట్టనిచో ధాన్యరాశిలో పడును. చోడివెన్నులు, ఉలవతీగెలు బండ్ల చక్రములక్రింద నలుగుటకై రోడ్డున పరచుట ఇంకను చెడ్డది. తీగె చక్రపు పుల్లలలో చుట్టుకొని సైకిలును ఒక్కపెట్టున నిలిపివేయును. ధాన్యమునకు కాపుగా మనము పేర్చు రాళ్లు చీకటిలో మోటారుసైకిలువానికిని కనబడవు. ఆ మోటారుసైకిలువాడు తరచుగా మన గ్రామపు కుఱ్ఱవాడే.

రైతు యేమి చేయును? కళ్లములుండిన పోరంబోకులు ఇండ్లస్థలములైనవి. యంత్రముతో కోసిన ధాన్యము పచ్చిగా ఒక్కదినముననే కుప్పయై వచ్చి పడుచున్నది. కొనుగోలుకేంద్రమువారు తేమ 17 శాతమునకు మించిన ధాన్యమును త్రిప్పివేయుదురు. రోడ్డు తప్ప గట్టినేల యెక్కడ? ఈ మాట నిజము. నగరమునుండి వచ్చి మనకు బుద్ధి చెప్పువారు దీనిని ముందుగా తెలిసికొనవలెను.

అయినను రోడ్డుమీది యెండబెట్టుట మన ధాన్యమునకే చేటు. నల్లని తారు మధ్యాహ్నమున మిక్కిలి కాగును. పలుచగా పరచిన గింజ త్వరితముగా ఎండి లోపల పగులువారును. ఆ పగులు కంటికి కనబడక మిల్లులో నూకగా బయటపడును. చక్రముల క్రింద నలిగినది వేరు, కలిసిన ఇసుకయు రాళ్లును వేరు. రెండు మొదలు నాలుగు సెంటీమీటర్ల మందమున పరచి, అరగంట కొకమారు తిరుగవేసి, నడుమధ్యాహ్నపు టెండలో కప్పియుంచుట మంచిపద్ధతి. లారీలు పోవు బాటపై ఇది సాగునా? చట్టమును గూడ ఒకమాట. బాటలో అడ్డంకి గాని అపాయము గాని కల్పించినవారికి పాత శిక్షాస్మృతి 283వ సెక్షను క్రింద 200 రూపాయలవరకు జుల్మానా యుండెడిది. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 285వ సెక్షనులో అది 5,000 రూపాయలవరకు పెరిగినది.

కావున మా సూచన యిది. ప్రతి గ్రామమునను సంఘపు గిడ్డంగి ప్రక్కనో, బడి సెలవుదినములలో ఆటస్థలముననో ఉమ్మడి కళ్లమునకు చోటు చూడవలెను. సిమెంటు కళ్లమునకు సొమ్ము చాలనిచోట చదునుచేసి అలికిన నేలయు, సంఘము అద్దెకిచ్చు టార్పాలిను పట్టలును చాలును. అంతవరకు రోడ్డు విడువలేనివారు మలుపులను, వంతెనదిగుడులను, ఘాటు దిగువభాగమును మాత్రమైనను విడిచి, ఒక ప్రక్కనే పరచి, రాళ్లకు మారుగా ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱలు నిలిపి, ప్రొద్దు క్రుంకకమునుపే ఎత్తివేయవలెను.

సైకిలువారికిని మా మాట కొంత గలదు. ఎడ్లబండిని దాటునపుడు వెనుకనుండి హఠాత్తుగా గంట కొట్టరాదు, ఎడ్లు బెదరును. తోటలో కాయ కోయరాదు, నీళ్లసీసాలు పొలమున విసరరాదు. సంతదినమున గుంపులో దిగి నడువవలెను. వారు కోరునది స్వల్పమే: ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండ్లు, బెల్లము వేసిన వేరుసెనగ యుండలు, కొబ్బరిబొండాలు, ఒక గాలిపంపు. వీనిని సంఘపు అంగడిలో ఆదివారమునాడు ఉదయముననే ఉంచవచ్చును. దీనివలన మన బాకీలు తీరునని మేము చెప్పము. అరటి పండించినవానికి దళారి లేని బేరము కొన్ని గెలలకైనను దొరకును.

ఉమ్మడి కళ్లమునకు స్థలము చూపగల గ్రామములవారు స్థలపు కొలతను, అచ్చటికి బండిబాట కలదో లేదో వ్రాసి, కోతలు మొదలగుటకు ముందుగనే తమ తమ సంఘ కార్యదర్శులకు అందజేయవలెనని కోరుచున్నాము.