24%, 24% కలిస్తే 48% కాదు!

మా బచ్చన్నపేట దిక్కు పెట్టుబడికి అప్పు తెస్తే, నూటికి నెలకు 2 రూపాయల మిత్తి అంటారు. అంటే ఏడాదికి 24%. లక్ష తెచ్చారనుకోండి. ఏడాదికి మిత్తి కట్టలేకపోతే, దాన్ని అసల్లో కలిపి 1,24,000కు నోటు తిరగరాస్తారు. ఇక రెండో ఏడాది మిత్తి 24,000 కాదు, 29,760! మిత్తికీ మిత్తి పడింది కదా.

షార్ట్‌కట్ చెప్తా, చూడండి. రెండు శాతాలు కూడండి. వాటినే గుణించి, 100తో భాగించి, అదీ కలపండి: 24 + 24 + 5.76 = 53.76%. మూడో ఏడాదీ తిరగరాస్తే? 53.76కి, 24కి మళ్లీ ఇదే సూత్రం. 90.66% వస్తుంది. బాకీ 1,90,662 రూపాయలు! బారువడ్డీ అయితే 1,72,000తో పోయేది.

నాన్న నోటు మీద సంతకం పెట్టకముందే ఈ లెక్క ఫోన్‌లో చేసి చూపించండి.