ఒడ్డు పట్టుకుని వెళ్లే తల్లులు

13 మీటర్ల పొడవున్న జంతువుకు 10 మీటర్ల లోతైనా లేని నీళ్లలో ఏం పని? వసంతంలో కాలిఫోర్నియా తీరాన స్కూబా డైవింగ్‌కు దిగి, పక్కనుంచే గ్రే వేల్ అనే తిమింగలం సాగిపోవడం చూసినవాళ్లకు మొదట కలిగే సందేహం ఇదే. పాపం, దారి తప్పి వచ్చిందేమో అనుకుంటారు. తప్పలేదు, దాని దారే అది.

ఈ తిమింగలాలు వేసవంతా ఉత్తరాన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో గడుపుతాయి. అడుగున ఉన్న బురదను నోటితో పీల్చి, అందులోని రొయ్యల్లాంటి చిన్న జీవుల్ని వడకట్టుకుని తింటాయి. చలికాలానికి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరపు ఉప్పునీటి మడుగులకు చేరి అక్కడ ఈనుతాయి. పోనూ రానూ 16 వేల నుంచి 20 వేల కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో అన్నింటికంటే వెనక బయల్దేరేవి పిల్లతల్లులే. నాలుగున్నర మీటర్ల పొడవుతో పుట్టిన పిల్ల, సగానికి పైగా కొవ్వున్న పాలు తాగి కాస్త బలం పుంజుకునేదాకా అవి ఆగుతాయి.

దారిలో ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కాచుకుని ఉంటాయి. కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో దాదాపు ఒడ్డునుంచే మొదలై అగాధంలోకి దిగిపోయే లోయ ఒకటి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ లోతుల మీదుగా దాటే తల్లీపిల్లల్ని ఓర్కాలు గుంపుగా చుట్టుముట్టి, పిల్లను తల్లినుంచి విడదీసి, నీళ్లలో ముంచి చంపుతాయి. అందుకే తల్లులు ఒడ్డును అంటిపెట్టుకుని, నేలనుంచి నీటి పైదాకా చెట్లలా పెరిగే కెల్ప్ నాచు మధ్యనుంచి పోతాయి. లోతు లేనిచోట కిందినుంచి దాడికి వీలుండదు. అలల హోరులో జాడ పట్టడమూ కష్టమే. అదే తీరంలోని పియెద్రాస్ బ్లాంకాస్ అనే చోట 1994 నుంచి లెక్కిస్తున్న శాస్త్రవేత్తలకు దాదాపు ప్రతి తల్లీపిల్లల జంటా ఒడ్డుకు 200 మీటర్ల లోపే కనిపిస్తోంది.

అంత దగ్గరగా సాగే జీవి డైవర్ కంటికి ఆనేది మాత్రం చివరి క్షణంలోనే. ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవులు నిండిన ఆ నీళ్లలో చూపు చాలా రోజులు ఐదు పది మీటర్లు దాటదు. తల ఎదురుగా ఉంటే తోక కనపడదు. చెవినైతే అసలు నమ్మలేం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే నీటిలో 1,500 మీటర్లు పోతుంది. రెండు చెవులకూ చేరే సమయంలోని చిన్న తేడానుబట్టే మనం దిక్కు పసిగడతాం. నీటిలో ఆ తేడా నాలుగో వంతుకు పడిపోతుంది, పైగా శబ్దం పుర్రె ఎముకల గుండా కూడా లోపలికి వస్తుంది. తిమింగలం మూలిగితే ఆ మూలుగు ఎటునుంచి వచ్చిందో తేలదు.

ఇక వెంటపడాలన్న ఉబలాటం. నాకు ఎక్కువ భయం దాని గురించే. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్‌నుంచి పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి తిమింగలంతో పాటు పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. తిమింగలానికి ఆ బాధ లేదు. అది పైన పీల్చిన గాలితోనే మునుగుతుంది, తేలినప్పుడు ఆ గాలి మొదటి పరిమాణాన్ని మించదు. అమెరికా అధికారులు చెప్పే దూరం 100 గజాలు. అదే మన దగ్గరికి వస్తే ఉన్నచోటే కదలకుండా ఆగి, దాన్ని పోనివ్వాలి. తల్లికీ పిల్లకీ మధ్యలోకి మాత్రం ఎన్నడూ ఈదకూడదు.

ఆ తల్లి నెలల తరబడి దాదాపు తిండి లేకుండా, ఒంట్లో నిలవున్న కొవ్వుతోనే తాను బతుకుతూ పిల్లకు పాలిస్తోంది. బెదిరించి దారి మళ్లిస్తే కరిగేది ఆ కొవ్వే. ఉత్తరాన మేత తగ్గడంతో, 2016లో సుమారు 27 వేలున్న ఈ తిమింగలాలు 2025 అంచనాలో 13 వేలకు దిగిపోయాయి. ఆ ఏడాది వసంతంలో పియెద్రాస్ బ్లాంకాస్ మీదుగా ఉత్తరానికి సాగిన పిల్లలు దాదాపు 85. లెక్క మొదలయ్యాక అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు.