ఫోన్ మీద నేరం మోపే ముందు

హోసూరులో బెంగళూరు బస్సెక్కి అత్తిబెలె, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు దాటితే రోడ్డు పక్కనే మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వస్తుంది. ఫోన్ ఆటలు, సోషల్ మీడియా, బూతు వీడియోలు మానలేక అవస్థపడేవాళ్ళ కోసం ఆ సంస్థ 2014లో ‘షట్ క్లినిక్’ మొదలుపెట్టింది. సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తూ, నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుని ఉండే కుర్రాళ్ళకు అది 40 కిలోమీటర్ల లోపే. అయినా వాళ్ళ కంట ముందుగా పడేది బస్టాండు గోడ మీది ‘నరాల బలహీనత’ పోస్టరే. హోసూరైనా కృష్ణగిరైనా, పోస్టరు తమిళంలో ఉన్నా తెలుగులో ఉన్నా, అందులో రాసేది ఒకటే.

కుర్రాళ్ళ భయమూ ఒకటే. ఏళ్ళ తరబడి బూతు వీడియోలు చూశాను, హస్తప్రయోగం చేసుకున్నాను, ఇప్పుడు పెళ్ళి కుదిరింది, నేను పనికొస్తానా?

ముందు ఒంటి సంగతి. అంగం గట్టిపడటం ప్రధానంగా రక్తం పని. కోరిక కలిగినప్పుడు అక్కడి నరాల చివర్ల నుంచీ, రక్తనాళాల లోపలి పొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది. దాంతో కండరాలు సడలి, ధమనులు విప్పారి, లోపల రక్తం నిండుతుంది. వెనక్కి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోయి ఆ రక్తం అక్కడే నిలుస్తుంది. రక్తనాళాల మీద ఈ వాయువు చేసే పనిని బయటపెట్టినందుకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. వీడియోలు చూసినందువల్ల ఈ ఏర్పాటు పాడైపోదు. వీర్యం పోతే సత్తువ పోతుందన్నదీ నిజం కాదు. ఆ భయంతోనే నీరసించి డాక్టర్ దగ్గరికొచ్చే మగవాళ్ళ స్థితికి 1960లో మన మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ‘ధాతు సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. విజయవాడ డాక్టర్ సమరం పత్రికల్లో ప్రశ్నలూ జవాబులూ రాస్తూ దశాబ్దాలుగా చెప్పిందీ ఇదే. అయినా పోస్టర్లు పోలేదు.

మరి ఫోన్‌తో ఏ ఇబ్బందీ లేదా? ఉండవచ్చు. అయితే అది మెదడు నేర్చుకున్న అలవాటు దగ్గర ఉంటుంది. ఒకే దృశ్యం పదేపదే చూపిస్తే ఉద్రేకం తగ్గుతూ వస్తుంది, కొత్తది చూపిస్తే మళ్ళీ లేస్తుంది. ఫోన్‌లో కొత్తదానికి కొదవ లేదు, ఒకటి విసుగనిపించేలోగా వేలు ఇంకోదానికి పోతుంది. చేతి పట్టు, వేగం కూడా ఒకే తీరున స్థిరపడిపోతాయి. అమెరికన్ మనస్తత్వవేత్త మైకేల్ పెరెల్మన్ కొందరు మగవాళ్ళలో స్ఖలనం బాగా ఆలస్యం కావడానికి ఈ ప్రత్యేకమైన పట్టునే ఒక కారణంగా చెప్పాడు, భార్య దగ్గర ఆ ఒత్తిడి, ఆ వేగం దొరకవు కాబట్టి. పైగా గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు పరీక్ష పెట్టేవాళ్ళు ఉండరు. పడకటింట్లో ఎదుట ఒక మనిషి ఉంటుంది. ‘అవుతుందా, కాదా’ అని తనను తానే పక్కన నిలబడి చూసుకునే మగవాడి గురించి లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లోనే రాశారు. ఆ కంగారులో అడ్రినలిన్ ఎగసి, విప్పారాల్సిన ధమనులు ముడుచుకుంటాయి. ఒకసారి తప్పితే రెండోసారికి భయం ముందే మంచమెక్కుతుంది.

పరిశోధనలు మాత్రం ఒక్క మాట మీద లేవు. 2014లో కేంబ్రిడ్జ్‌లో వలేరీ వూన్ బృందం, వీడియోలు చూడటం అదుపు తప్పిన 19 మంది మగవాళ్ళను పరీక్షించింది. బూతు దృశ్యాలకు వాళ్ళ మెదడు స్పందించిన తీరు మత్తుకు అలవాటుపడినవాళ్ళ తీరును పోలి ఉంది. అదే ఏడాది బెర్లిన్‌లో 64 మందిని స్కాన్ చేస్తే, ఎక్కువ గంటలు చూసేవాళ్ళ మెదడులో కాడేట్ అనే భాగం కాస్త చిన్నగా కనిపించింది. చూసి చూసి చిన్నదైందా, చిన్నదిగా ఉన్నవాళ్ళే ఎక్కువ చూస్తున్నారా అన్నది స్కాన్ చెప్పలేదు. మరుసటి ఏడాది యూరప్ దేశాల యువకుల మీద పరిశోధకులు లాండ్రిపెట్, స్టుల్‌హోఫర్ చేసిన సర్వేలో, చూడటానికీ అంగస్తంభన లోపానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. 2019లో గ్రబ్స్, గోలా తేల్చింది నాకు ఆసక్తిగా అనిపిస్తుంది: ఎంత చూస్తున్నారన్నదానికంటే, ‘ఇది నా అదుపు తప్పింది’ అని ఎంత బాధపడుతున్నారన్నదే అంగస్తంభన లోపంతో ఎక్కువగా ముడిపడి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల జాబితా అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను రుగ్మతగా గుర్తిస్తూనే, కేవలం తప్పు చేశానన్న బాధ ఉంటే రోగం అనవద్దని హెచ్చరించింది. తమిళనాడులో ఈ అలవాటు సంగతి కోర్టు దాకా కూడా వెళ్ళింది. 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు, పిల్లల అశ్లీల దృశ్యాల కేసులో తీర్పిస్తూ, యువతకు ఈ అలవాటు తాగుడు, సిగరెట్ లాంటిదైందంది. అలాంటివి దగ్గర ఉంచుకోవడం, చూడటం నేరం కాదన్న ఆ తీర్పును సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల దృశ్యాల విషయంలో చట్టం మాట అంత స్పష్టం.

నన్నడిగితే ఫోన్ కంటే ముందు షుగర్ చూపించుకోమంటాను. పొగ, బీపీ, ఊబకాయం, థైరాయిడ్, కొన్ని మానసిక మందులు, రాత్రి షిఫ్టుల్లో చాలని నిద్ర, ఇవన్నీ దెబ్బ కొడతాయి. అంగంలోని ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి, అందుకే పూడిక ముందు ఇక్కడ బయటపడి, గుండెనొప్పి కొన్నేళ్ళ తర్వాత వచ్చిన సందర్భాలు ఎన్నో. ఒక గుర్తు మాత్రం ఇంట్లోనే తెలుస్తుంది: తెల్లవారుజామున అంగం మామూలుగానే గట్టిపడుతూ, భార్య దగ్గర మాత్రమే కుదరడం లేదంటే సమస్య చాలావరకు మనసుదే, అలవాటుదే. అలా ఉన్నవాళ్ళకు వీడియోలు తగ్గించడం, పట్టు మార్చడం, కొన్నాళ్ళు సంభోగం లక్ష్యం లేకుండా స్పర్శతోనే దగ్గరవడం లాంటివి వైద్యులు నేర్పిస్తారు. ఎవరికీ ఎదురుపడలేననుకునేవాళ్ళకు 14416 నంబరులో టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. భాష ఎంచుకోవచ్చు, తెలుగూ ఉంది.

లైంగిక పటుత్వం పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 చట్టమే నిషేధించింది. పోస్టరు వైద్యుడి పొట్లంలో ఏముందో తెలియదు. మందుల షాపులో చీటీ లేకుండా కొనే అంగస్తంభన మాత్ర సిల్డెనాఫిల్‌లో ఏముందో తెలుసు. అయితే కోరిక పుట్టి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడితేనే అది పనిచేస్తుంది, కోరికను అది పుట్టించలేదు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు దాన్ని వేసుకుంటే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది.