జ్వరం మాత్రకు తగ్గని వేడి

ఏటా మే నెల వచ్చేసరికి మా క్యాజువాలిటీలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వింటాము. "ఒళ్ళు కాలిపోతుంటే జ్వరమనుకున్నామండీ. పారాసిటమాల్ వేసి, దుప్పటి కప్పి పడుకోబెట్టాము." ఉపాధి పనికో, పెళ్ళి ప్రయాణానికో ఎండలో వెళ్ళివచ్చిన ఆ మనిషి అప్పటికే పొంతన లేకుండా మాట్లాడుతుంటారు. విలువైన గంటో, రెండు గంటలో ఇంట్లోనే గడిచిపోయి ఉంటాయి.

ఒంటి వేడిని కనిపెట్టి ఉండడానికి దేవుడు మన మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగాన్ని అమర్చాడు. బాదంగింజంత ఉండే ఈ కాపలాదారు శరీరాన్ని సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ (37 సెల్సియస్) దగ్గర నిలుపుతుంది. వేడి పెరిగితే చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమట పడుతుంది. అయితే చెమట కారినందువల్ల కాదు, ఆరినందువల్లే మనం చల్లబడతాము. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. ఒక లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి బయటకు పోతుంది. ఉక్కపోతలో చెమట ఆరదు. అందుకే కోస్తా ఊళ్ళలో ఎండ కాస్త తక్కువగా ఉన్నా ప్రమాదం తక్కువని అనుకోకూడదు.

జ్వరంలో జరిగేది వేరు. రోగక్రిములతో పోరాడేటప్పుడు మెదడే వేడి పెంచమని ఆజ్ఞ ఇస్తుంది. 102 ఉన్నా చలి, వణుకు వచ్చేది అందుకే. పారాసిటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. వడదెబ్బలో అటువంటి ఆజ్ఞే లేదు. మెదడు 98.6నే కోరుతున్నా శరీరం వేడిని బయటకు పంపలేకపోతోంది. ఇక మాత్ర ఏమి చేయగలదు? పైగా వడదెబ్బకు నలిగిన కాలేయానికి అదొక భారం.

2015 వేసవిలో ఆంధ్ర, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వేడి 104 దాటి, మాట తడబడినా, స్పృహ తప్పినా వడదెబ్బేనని అనుమానించండి. "చెమట పడుతోంది కదా" అని ఆగవద్దు. ఎండలో కష్టపడి పనిచేసేవారికి చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బిందెలతో ఒంటిమీద నీళ్ళు పోస్తూ గట్టిగా విసరండి. ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మరొకరు తడపడం మొదలుపెట్టాలి. ఆసుపత్రికి వచ్చేదాకా దారిలోనూ తడుపుతూనే ఉండండి. మా వరండా తడిసినా ఫరవాలేదు.

బి.పి.కి నీటి మాత్రలు వాడే పెద్దవారు వేసవి ముదరక ముందే ఒకసారి ఓ.పి.కి వచ్చి డాక్టరుగారిని కలవాలి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు.