పీపాల కర్మాగారము – ప్రజల కళాసదనము

మూతపడిన కర్మాగారమును చూచినంతనే దానిని పడగొట్టి క్రొత్త మేడ కట్టవలెనను తలంపు ధనికులకును పురపాలకులకును సహజముగ కలుగును. గోడ పాతదైనంతమాత్రమున పనికిమాలినదగునా? ఈ ప్రశ్నకు బ్రెజిలు దేశమందలి సావుపాలో నగరము తగిన సమాధానమొసంగినది.

ఆ నగరమందలి పాంపేయా పేటలో ఇనుప పీపాలు చేయు కర్మాగారమొకటి యుండెను. వర్తకశాలల యుద్యోగుల క్షేమమునకై 1946లో స్థాపితమైన ‘సెస్క్’ సంస్థ దానిని 1971లో కొనెను. వర్తక యజమానులు తామిచ్చు జీతముల మొత్తముపై నూటికి ఒకటిన్నర వంతున చట్టప్రకారము చెల్లించు సొమ్మే యీ సంస్థకు ముఖ్యాధారము. ఇది దానము గాదు, విధి.

పాత కట్టడమును తొలగింపవలెనన్నదే మొదటి యాలోచన. కాని, 1914లో రోము నగరమున జన్మించి బ్రెజిలులో స్థిరపడిన వాస్తుశిల్పిని లీనా బో బార్ది 1976లో దానిని పరిశీలించెను. ఒక శనివారమునాడు మరల రాగా, కారుచున్న కప్పుల క్రింద బాలురు బంతులాడుచుండిరి. తల్లులు ఫలహారములు సిద్ధపరచుచుండిరి. ఒకచోట బొమ్మలాట జరుగుచుండెను. ప్రజలు తమంతట తామే యాక్రమించుకొనిన యా యానందమును చెదరగొట్టరాదని యామె నిశ్చయించెను.

పూత తీసివేయగా ఇటుకలును కాంక్రీటు స్తంభములును బయల్పడినవి. కొట్టములు గ్రంథాలయముగను, నాటకశాలగను, కుమ్మరపని, నేతపని, ముద్రణము నేర్పు శాలలుగను మారినవి. విశాలమైన చావడిలో ఒక చిన్న సెలయేరు ప్రవహించును. ఒక ప్రక్క నెగడు వెలుగును. 1982లో ద్వారములు తెరువబడినవి. నేల క్రింద కాలువ పోవుటచే ఆ భాగమున కట్టడము కూడదాయెను. అందుచే దాని కిరువైపుల రెండు గోపురములు లేపి, వానిని వంతెనలతో కలిపిరి. ఈ వ్యాయామశాలలు 1986లో ముగిసినవి. కొరతయే కల్పనకు తోడ్పడినది.

1992లో లీనా మరణించెను. 2015లో ప్రభుత్వము ఆ కట్టడమును జాతీయ వారసత్వముగ పరిగణించి రక్షణ కల్పించెను.

పాత గోడలను నిలుపుటయే ఘనకార్యము గాదు. వానిని కాపాడి, ప్రవేశమునకు భారీ రుసుము విధించి, ఇరుగుపొరుగు పేదలను వెడలగొట్టిన కళాసదనములు లోకమున లేకపోలేదు. అట్టిచోట గోడలు మిగులును గాని ఊరు మిగులదు. కట్టడముపై వ్యయపరచువారు ముందుగ విచారింపవలసినది దాని యందమును గాదు, అచ్చట ఇప్పటికే ఎవరు కూడుచున్నారన్న సంగతిని. జనులు కూడుచోటనే కళకు నివాసము.