రెండు నిమిషాల థ్రిల్లర్ మన పిల్లలకు ఏమి నేర్పుతుంది?

ప్లస్ టూ ముగిసిన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు 'విస్కామ్' అనే మాట తరచుగా వినిపిస్తోంది. విజువల్ కమ్యూనికేషన్ చదువుతామని పిల్లలు అంటారు. బ్యాంకు పరీక్షకో, ఇంజనీరింగుకో పొమ్మని పెద్దలు అంటారు. ఇంతలో పిల్లవాడు సెల్‌ఫోను పట్టుకొని, ఇంట్లో దీపాలన్నీ ఆర్పించి, తాతను తలుపు వెనక నిలబెట్టి 'థ్రిల్లర్ ఓపెనింగ్ తీస్తున్నాను' అంటాడు. ఇది చదువా, కాలక్షేపమా అని కడంబూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన కుటుంబాల పెద్దలు మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. అందుకు మాకు తెలిసినంతవరకు వివరంగా జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది ఎక్కడి పాఠం?

థ్రిల్లర్ సినిమా మొదటి రెండు నిమిషాలు తీయడం పిల్లలు సరదాకు కనిపెట్టుకున్న ఆట కాదు. ఇంగ్లాండులో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు 2008 నుంచి కొన్నేళ్లపాటు ఏఎస్ స్థాయి మీడియా స్టడీస్‌లో దీన్ని ప్రాక్టికల్‌గా పెట్టింది. ఒక కొత్త కథాచిత్రానికి టైటిల్స్‌తో సహా ఆరంభ భాగం తీయవలసి ఉండేది, అది రెండు నిమిషాలకు మించరాదన్నది నియమం. బృందంలో నలుగురికి మించి ఉండరాదనేవారు. ఎలాంటి కథ అన్నది వారి ఇష్టమే అయినా చాలామంది థ్రిల్లరే ఎంచుకునేవారు. పెద్ద సెట్టింగులు, నగలు, జనం లేకుండా ఒక గది, ఒక దీపం, ఒక చప్పుడుతో భయం పుట్టించవచ్చు కదా.

మార్కులు ఎలా పంచారో చూస్తే ఆ చదువు ఉద్దేశం తెలుస్తుంది. నూరు మార్కులలో తీసిన సినిమాకు 60. ముందు చేసిన పరిశోధనకు, ప్రణాళికకు 20. తీసిన తరువాత తన పనిని తానే పరీక్షించుకొని రాసిన సమీక్షకు 20. అంటే నూటికి 40 మార్కులు కెమెరా పట్టని పనికే. ఆఫీసులో ఫైలు నడిపిన వారికి ఈ లెక్క కొత్త కాదు. నోటు రాయకుండా, ఆధారం పెట్టకుండా సంతకం చేస్తే ఆ ఫైలు నిలవదు.

తలుపు తీసి కుర్చీలో కూర్చోవడం

అసలు సినిమాకు ముందు విద్యార్థి ఒక చిన్న అభ్యాసం చేయవలసి ఉండేది. ఒక మనిషి తలుపు తీసుకొని గదిలోకి వచ్చి, గది దాటి, మరొకరి ఎదుట కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరూ ఒకటి రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే. వినడానికి ఇంత సులభం. తీయబోతే తెలుస్తుంది.

బయటినుంచి తలుపు నెట్టిన చెయ్యి కుడిదైతే, లోపలి షాట్‌లో కనిపించే చెయ్యి కూడా కుడిదే కావాలి. తలుపు సగం తెరుచుకున్నప్పుడు మొదటి షాట్ తెగితే, రెండవది ఆ సగం దగ్గరే మొదలు కావాలి. మాట్లాడుకునే ఇద్దరి నడుమ ఒక గీత ఉందనుకొని, కెమెరా ఆ గీతకు ఒక పక్కనే ఉండాలి. గీత దాటితే, ఎదురెదురుగా కూర్చున్నవారు ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. చూసేవాడికి కారణం తెలియదు గాని, ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలుస్తుంది.

విద్యార్థి నేర్చుకునే మొదటి పాఠం ఇదే. తన మనసులో ఉన్నది ఎదుటివాడికి తనంతట అది చేరదు, మెట్టు మెట్టుగా చేర్చాలి. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. షాట్‌కు నాలుగు సెకన్ల చొప్పున వేసుకుంటే 30 షాట్లు. ఆ 30 బొమ్మలనూ ముందుగా కాగితం మీద గీసుకోవాలి. దాన్నే స్టోరీబోర్డు అంటారు. బొమ్మ బాగా రానక్కరలేదు, మనిషి ఎక్కడున్నాడు, వెలుగు ఎటునుంచి వస్తోంది అన్నది తెలిస్తే చాలు. కాగితం లేకుండా పోయిన బృందం సగం పగలు వాదులాటలోనే గడుపుతుంది.

భయం ఎలా పుడుతుంది?

మన తరం వారికి 'అంద నాళ్' గుర్తుండే ఉంటుంది. ఏవీఎం వారు 1954లో తీసిన ఆ తమిళ చిత్రానికి ఎస్. బాలచందర్ దర్శకుడు. పాటలు లేవు. సినిమా మొదలైన కొద్దిసేపటికే తుపాకీ పేలుతుంది, శివాజీ గణేశన్ పడిపోతాడు. కథానాయకుడే పోయాడు, ఇక కథ ఏముంటుంది అని ప్రేక్షకుడు నిటారుగా కూర్చుంటాడు. ఎవరు చంపారన్న ప్రశ్న చివరిదాకా లాక్కుపోతుంది. ఆరంభం చేయవలసిన పని అది. ఒక ప్రశ్న వేయాలి, జవాబు చెప్పకూడదు.

ఇంకొక దారి ఉంది. దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దాన్ని ఒక ఉదాహరణతో వివరించేవాడు. ఇద్దరు బల్ల దగ్గర మాట్లాడుకుంటుండగా కింద ఉన్న బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు క్షణంసేపు ఉలిక్కిపడతాడు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చూపించి, ఆ ఇద్దరికి మాత్రం తెలియకుండా ఉంచితే, వారు మామూలు మాటలు మాట్లాడుతున్నంతసేపూ అతని గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

దీనికి మన రైలు దారిలోనే ఒక ఉదాహరణ ఉంది. కడంబూరుకు దక్షిణాన ఉన్న మణియాచ్చి జంక్షనులో 1911 జూన్ 17న తిరునెల్వేలి కలెక్టరు ఆష్ మొదటి తరగతి పెట్టెలో భార్యతో కలిసి కూర్చున్నాడు. కొడైకెనాల్ వెళ్లడానికి వేరే రైలు రావాలి. ఆ పెట్టెలోకి ఎక్కిన వాంచినాథన్ ఆయనను కాల్చి, తరువాత తనను తాను కాల్చుకున్నాడు. ఆ స్టేషను పేరు ఇప్పుడు వాంచి మణియాచ్చి. ముగింపు మన వైపు బడిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి ఎవరైనా దీన్ని తీస్తే హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేయడం కుదరదు. ఆగి ఉన్న రైలు, కిటికీ పక్కన భార్యాభర్తలు, ప్లాట్‌ఫాం మీద నడుస్తున్న రెండు కాళ్లు. ఇవి చాలు. తుపాకీ మోత ముందే టైటిల్ పడాలి. ఏది చూపాలి, ఏది దాచాలి అన్న తీర్పు విద్యార్థికి ఇలా అలవడుతుంది. నిజంగా ప్రాణాలు పోయిన సంఘటనను వినోదానికి వాడేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో కూడా ఆలోచించవలసి వస్తుంది.

చిన్న వస్తువు ఎంత పని చేస్తుందో తెలియాలంటే కి. రాజనారాయణన్ గారిని చదవాలి. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ ఆయన ఊరు, ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. 2021లో కన్నుమూశారు. ఆయన 'గోపల్ల గ్రామం' నవలలో నగల కోసం ఒక దొంగ దాహానికి వచ్చిన స్త్రీని నీటిలో ముంచి చంపుతాడు. ఆమె అతని కాలి వేలిని పళ్లతో పట్టుకొని విడవదు. మనసులో నిలిచిపోయేది ఆ కాలి వేలే. సినిమా వారు క్లోజప్ అనేది దాన్నే. ఆయన కథ 'కిడై'ని అంషన్ కుమార్ 2003లో 'ఒరుత్తి' పేరుతో సినిమాగా తీశారు. మన నల్లరేగడి నేలలో సినిమాకు పనికివచ్చే కథ లేదని ఏ పిల్లవాడూ అనుకోనక్కరలేదు.

అగ్గిపుల్ల చెప్పే పాఠం

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఊరు. కరెంటు పోయిన ఇంట్లో ఒక అమ్మాయి అగ్గిపుల్ల గీస్తుందనుకుందాం. మొదటి షాట్‌లో పుల్ల పావువంతు కాలింది. తరువాతి షాట్ అరగంట ఆగి, కొత్త పుల్లతో తీశారు. ఎడిటింగ్‌లో కలిపితే కాలిన పుల్ల మళ్లీ పొడుగైనట్టు కనిపిస్తుంది. భయపడవలసిన చోట జనం నవ్వుతారు. అందుకే ఒకరు నోటుబుక్కు పట్టుకొని ప్రతి షాట్‌లో పుల్ల ఎంత ఉంది, గాజులు ఏ చేతికి ఉన్నాయి, తలుపు గడియ వేసి ఉందా లేదా అని రాసుకుంటూ ఉండాలి. తెర మీద కనిపించని ఈ ఉద్యోగం లేకుండా సినిమా నిలవదు. మన పిల్లల్లో నిదానంగా, పద్ధతిగా పనిచేసే వారికి ఇది చక్కగా కుదురుతుంది.

చప్పుడు మరొక పాఠం. అప్పటి ఓసీఆర్ నియమం ప్రకారం బొమ్మలు విద్యార్థులు స్వయంగా తీసినవే కావలసి ఉండేది, సంగీతం కూడా సొంతదో, హక్కుల చిక్కు లేనిదో కావలసి ఉండేది. సినిమా పాట తెచ్చి అతికించడం కుదిరేది కాదు. అప్పుడు పిల్లలు వినడం మొదలుపెడతారు. పుల్ల గీసిన చప్పుడు, బావి గిలక, కయత్తారు వైపు గాలిమరల హోరు, రాత్రి ఆగకుండా పోయే రైలు. డబ్బు పెట్టి కొనవలసినది ఇందులో ఒక్కటీ లేదు.

దొంగగా ఎవరిని చూపిస్తాం?

ఆ సమీక్షలో విద్యార్థి జవాబు చెప్పవలసి వచ్చిన ఏడు ప్రశ్నలలో ఒకటి ఇది: మీ చిత్రం సమాజంలోని వర్గాలను ఏ విధంగా చూపించింది? మన జిల్లాలలో ఈ ప్రశ్నకు చాలా బరువు ఉంది. దొంగ అనగానే ఒక రంగు, ఒక వీధి, ఒక యాస, ఒక వేషం తగిలించడం సినిమాలు మనకు చేసిన అలవాటు. ఆలోచించకుండా అదే చేస్తే రెండు నిమిషాల బొమ్మ పక్కింటివారిని నొప్పిస్తుంది. ఎందుకు ఆ మనిషిని అలా చూపించావని అడిగినప్పుడు పిల్లవాడు కాగితం మీద జవాబు రాయాలి. 'ఊరికే' అన్నది జవాబు కాదు. పదిహేడేళ్ల వయసులో ఈ ప్రశ్న ఎదుర్కొన్నవాడు రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా మాట తూచి మాట్లాడతాడు.

ఏ భాషలో భయపడాలి?

మన సంఘానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఈ సంగతి. మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం చాలామందికి రాదు. తరాలుగా నోటిమీదనే నిలిచిన భాష ఇది. ఆ నోరు కూడా ఇప్పుడు సన్నగిల్లుతోంది. అవ్వతో తెలుగు, అమ్మతో సగం సగం, తమ్ముడితో తమిళం అన్నట్టుగా ఉంది చాలా ఇళ్లలో.

థ్రిల్లర్ ఆరంభంలో మాటలు చాలా తక్కువ. ఒకటి రెండు చాలు. చీకట్లో చప్పుడైతే మన ఇంటి మనిషి ఏమంటుంది? 'యెవురది?' అంటుంది. పుస్తకంలోని తెలుగు కాదు, విజయవాడ తెలుగూ కాదు, మనది. ఆ ఒక్క మాట అవ్వ నోట వచ్చినట్టే రికార్డు చేస్తే, కింద తమిళంలో అర్థం వేస్తే, చూసేవారికి ఇబ్బంది ఏమీ లేదు. ఆ మాట మాత్రం నిలుస్తుంది. ఆ మాట ఎలా అనాలో తెలుసుకోవడానికి పిల్లవాడు అవ్వ దగ్గర కూర్చోవాలి కదా, అదీ ఒక లాభమే.

పేర్లు కూడా అంతే. ఆరంభ భాగంలో టైటిల్స్ తప్పనిసరి. సినిమా పేరు, నటించినవారు, కెమెరా, ఎడిటింగ్, దర్శకత్వం. తమిళంతో పాటు తెలుగులో కూడా ఆ పేర్లు వేయమని మేము కోరుతున్నాము. పట్టుమని పది పదాలు ఉండవు. అయినా తన పేరు తెలుగులో రాయాలంటే పిల్లవాడు ఆ అక్షరాలు నేర్చుకోవాలి. అక్షరాలు దిద్దుకో అని ఏళ్లుగా చెప్పినా వినని పిల్లలకు, తెర మీద తన పేరు చూసుకోవాలన్న కోరిక ఉంటే ఆ పని సులువవుతుంది.

పెద్దలకు మా మనవి

పిల్లలు అడిగితే ఇంట్లో ఒక గది, రెండు సాయంత్రాలు ఇవ్వండి. ఫోను చాలు, కెమెరా కొనాలని పట్టుబడితే ఒప్పుకోనక్కరలేదు. ముందుగా స్టోరీబోర్డు చూపించమనండి. అది లేకపోతే షూటింగు వాయిదా వేయమనండి. నిప్పుతో తీసే షాట్ ఉంటే పెద్దవారు ఒకరు పక్కన నీళ్లబిందె పెట్టుకొని ఉండాలి. నిజమైన కత్తి, కొడవలి వాడనివ్వకండి. వీధిలో బొమ్మ తుపాకీతో పరుగెత్తనివ్వకండి. కడంబూరు స్టేషను ఎంత అందంగా ఉన్నా రైల్వే అనుమతి లేకుండా అక్కడ షూటింగు వద్దు. పట్టాల మీదికి దిగడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, ప్రాణానికి ముప్పు కూడా. అమ్మాయిలు కెమెరా పట్టుకుంటామంటే పట్టుకోనివ్వండి. వారు నటించడానికి మాత్రమే ఉన్నారనుకోవద్దు.

సినిమా అయ్యాక పదిమంది కూర్చొని చూడండి. బాగుంది అని లేచిపోకండి. ఎక్కడ భయం వేసింది, ఎక్కడ అర్థం కాలేదు, ఆ తలుపు ఎందుకు తెరిచావు అని అడగండి. జవాబులు రాయించండి. అసలు చదువు అక్కడే జరుగుతుంది. ఈ పని చేసిన ప్రతి పిల్లవాడూ దర్శకుడు కాడు, కానక్కరలేదు. ప్రణాళిక వేయడం, నలుగురితో కలిసి పనిచేయడం, గడువులో ముగించడం, చేసిన పనికి కారణం చెప్పడం వస్తే ఏ ఉద్యోగానికైనా పనికివస్తాడు.

టైటిల్స్‌కు తెలుగు అక్షరాలు కావలసిన పిల్లలు తమ పేర్ల జాబితాను సంఘం వారికి అందజేస్తే సరిచూసి రాసి ఇస్తాము. అక్షరం ఎలా దిద్దాలో కూడా పక్కన కూర్చోబెట్టుకొని చూపిస్తాము. ఇందుకు రుసుము ఏమీ లేదు.